పాత ఎస్‌యూవీ కొనేముందు: స్టార్లు ఏ బండివి, ఫిర్యాదులు ఏ భాగంపై?

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిని. ఇంట్లో అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. హైదరాబాద్‌లో ఒక బ్రోకర్ మాకు రెండు సెకండ్‌హ్యాండ్ ఎస్‌యూవీలు చూపించాడు. ఒకటి 2018 టాటా నెక్సాన్, రెండోది 2016 రెనో డస్టర్. నెక్సాన్ ఫైవ్ స్టార్ బండి అనీ, డస్టర్‌కు స్టార్లు లేకపోయినా బాడీ చాలా గట్టిదనీ చెబుతున్నాడు. ఈ మాటలను ఎంతవరకు నమ్మవచ్చు? ఆ మోడళ్లపై ఓనర్ల ఫిర్యాదులను, కంపెనీలు ప్రకటించిన రీకాల్‌లను ఎక్కడ చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: నెక్సాన్ విషయంలో బ్రోకర్ చెప్పింది అబద్ధం కాకపోయినా, అది మీకు చూపించిన బండికి వర్తిస్తుందో లేదో ఆర్‌సీ చూస్తే గాని తేలదు. కార్లను ఢీకొట్టించి చూసి భద్రతకు ఐదు వరకు స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2018 ఆగస్టులో ఫలితాలు ప్రకటించినప్పుడు నెక్సాన్‌కు పెద్దల రక్షణలో వచ్చినవి నాలుగు స్టార్లే. ఆ తరువాత కంపెనీ డ్రైవరు సీటుతో పాటు పక్క సీటుకు కూడా బెల్టు హెచ్చరికను అన్ని వేరియంట్లలో అమర్చి, పక్కనుంచి ఢీకొట్టే పరీక్షలో కూడా బండిని నెగ్గించాక, అదే ఏడాది డిసెంబరులో ఐదో స్టారు వచ్చింది. పిల్లల రక్షణలో మాత్రం రెండుసార్లూ మూడు స్టార్లే. అందువల్ల ఆర్‌సీలో రిజిస్ట్రేషన్ తేదీతో ఆగిపోకుండా, తయారైన నెల, సంవత్సరం ఏమున్నాయో చూడండి. 2018 మధ్యలో తయారైన బండి అయితే అది నాలుగు స్టార్ల బండి. ఆ ఒక్క కారణంతో దాన్ని వదులుకోవాలని నేను అనను, ఎందుకంటే రెండు పరీక్షల్లోనూ బాడీ నిర్మాణం స్థిరంగానే ఉందని తేలింది, రెండు ఎయిర్‌బ్యాగులు కూడా ఆ మోడల్‌కు మొదటినుంచీ అన్ని వేరియంట్లలో ఉన్నాయి. అయితే ఐదు స్టార్ల పేరు చెప్పి అడిగే అదనపు ధర మాత్రం మీరు ఇవ్వనక్కరలేదు.

స్టార్ల గురించి ఇంకొక మాట చెప్పాలి. గ్లోబల్ ఎన్‌క్యాప్ 2022 జులైలో తన పరీక్షలను కఠినతరం చేసింది. అంతకుముందు ప్రధానంగా గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ముందు భాగాన్ని, అందులోనూ ఒక పక్కను ఢీకొట్టించి స్టార్లు ఇచ్చేవారు, పక్కనుంచి ఢీకొట్టే పరీక్షను ఐదో స్టారుకే చూసేవారు. ఆ తరువాత ఎక్కువ స్టార్లు రావాలంటే పక్కనుంచి తగిలే దెబ్బను తట్టుకోవడం, బండి జారకుండా కాపాడే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, పాదచారుల రక్షణ కూడా లెక్కలోకి వచ్చాయి. మన ప్రభుత్వం మొదలుపెట్టిన భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే 2018 నాటి ఐదు స్టార్లు, కొత్త రూపంతో వచ్చిన నెక్సాన్‌కు 2024లో దక్కిన ఐదు స్టార్లు ఒక తూకానివి కావు. ఎవరైనా స్టార్ల మాట ఎత్తితే ఏ సంవత్సరం పరీక్ష, ఏ వేరియంటు, ఎన్ని ఎయిర్‌బ్యాగులు అని ఎదురు అడగండి. జవాబు చెప్పలేని మనిషికి ఆ స్టార్లు అమ్మకపు మాట మాత్రమే.

డస్టర్ సంగతి ఇంకా స్పష్టంగా ఉంది. 2017లో అదే సంస్థ ఎయిర్‌బ్యాగ్ లేని డస్టర్‌ను పరీక్షిస్తే పెద్దల రక్షణలో ఒక్క స్టారు కూడా రాలేదు. డ్రైవరుకు ఎయిర్‌బ్యాగ్ ఉన్న వేరియంటుకు మూడు స్టార్లు వచ్చాయి. రేకు మందంగా ఉండి, తలుపు వేసినప్పుడు బరువుగా చప్పుడు చేసే బండి మనుషులను కాపాడుతుందన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. ఎయిర్‌బ్యాగులు లేని పాత స్కార్పియోకు 2016లో సున్నా స్టార్లు వచ్చాయన్న సంగతి ఆ నమ్మకం ఉన్నవారికి చెప్పి చూడండి. బండి బాడీ ఎంత గట్టిదైనా, తల వెళ్లి స్టీరింగుకు కొట్టుకోకుండా ఆపేవి బెల్టు, ఎయిర్‌బ్యాగులే. మన దేశంలో కొత్త కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ 2019 జులై 1 నుంచి మాత్రమే తప్పనిసరి అయింది, పక్క సీటుకు కూడా తప్పనిసరి కావడానికి 2021 చివరి వరకు పట్టింది. కాబట్టి 2016 డస్టర్‌లో ఎయిర్‌బ్యాగులు ఉన్నాయా లేవా అన్నది పూర్తిగా వేరియంటును బట్టి ఉంటుంది. అవి లేని వేరియంటు అయితే, ధర ఎంత తగ్గించినా, నలుగురైదుగురు ఎక్కే కుటుంబం కోసం దాన్ని కొనవద్దనే నా సలహా.

ఎయిర్‌బ్యాగులు ఉన్నాయని తేలాక అవి పనిచేసే స్థితిలో ఉన్నాయో లేదో చూడాలి. తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకముందు మీటరు పలకలో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. వెలిగి ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగనే వెలగకపోతే ఇంకా ఎక్కువ అనుమానించాలి, ఎందుకంటే ప్రమాదంలో ఒకసారి పేలిన ఎయిర్‌బ్యాగ్‌ను మార్చకుండా కవరు మాత్రం అతికించి, ఆ లైటు కనబడకుండా చేసి అమ్మేవాళ్లు ఉన్నారు. ముందు సీట్ల బెల్టులను చివరిదాకా లాగి చూడండి. గట్టి ప్రమాదం జరిగిన బండిలో అవి బిగుసుకుపోయి ఉంటాయి, లేదా మిగతా భాగాల వయసుకు పొంతన లేనంత కొత్తగా ఉంటాయి.

ఇక రీకాల్‌లు. కార్ల తయారీదారుల సంఘం సియామ్ 2012 జులైలో రీకాల్‌లపై ఒక స్వచ్ఛంద నియమావళి తెచ్చింది, ఆ సంఘం వెబ్‌సైట్‌లో కంపెనీలవారీగా రీకాల్‌ల జాబితా ఉంటుంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించమని ఆదేశించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చారు. దానికి సంబంధించిన నియమం 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, మాట వినని కంపెనీకి 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అయితే ఆ నియమం ఏడేళ్ల లోపు బండ్లకే వర్తిస్తుంది. మీరు రాసిన రెండు బండ్లూ ఆ గడువు దాటినవే కాబట్టి, వాటిపై పాత రీకాల్ ఏదైనా మిగిలి ఉందా అన్నది కంపెనీ సర్వీస్ సెంటర్లోనే తెలుసుకోవాలి.

అన్ని కంపెనీల బండ్లనూ ఛాసిస్ నంబరుతో ఒకేచోట వెతుక్కునే సౌకర్యం అమెరికాలో ఉన్నట్టుగా మనకు లేదు. కొన్ని కంపెనీలు తమ వెబ్‌సైట్‌లో 17 అక్షరాల ఛాసిస్ నంబరు కొట్టి చూసుకునే వీలు కల్పిస్తున్నాయి. అన్నిటికంటే నమ్మదగిన దారి, ప్రస్తుత ఓనర్‌ను వెంటబెట్టుకొని ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటరుకు వెళ్లి, పెండింగ్ రీకాల్‌లతో పాటు మొత్తం సర్వీస్ చరిత్రను ప్రింటు తీయించుకోవడం. ఓనర్ రానంటే, రాలేనంటే, బ్రోకర్ అడ్డుపడితే, అదే మీకు ఒక సమాచారం. రీకాల్ అంటే బండి పనికిరానిదని అర్థం చేసుకోవద్దు. 2023 జనవరిలో మారుతి బ్రెజా, గ్రాండ్ విటారాలతో కలిపి ఆరు మోడళ్లకు చెందిన 17,362 బండ్లను ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ మార్చడానికి వెనక్కి పిలిచింది. అవన్నీ 2022 డిసెంబరు 8 నుంచి 2023 జనవరి 12 మధ్య తయారైనవి, భాగం మార్చేదాకా బండి నడపవద్దని కూడా కంపెనీ చెప్పింది. ఆ భాగం మార్పించిన బ్రెజాను నిశ్చింతగా కొనవచ్చు. మార్పించకుండా చేతులు మారిన బ్రెజాలో మాత్రం, అవసరమైన క్షణంలో ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోకపోవచ్చు.

సర్వీస్ చరిత్ర చేతికొచ్చాక దాన్ని ఓపికగా చదవండి. ప్రతి సర్వీసు దగ్గరా కిలోమీటర్లు రాసి ఉంటాయి, మీటరు వెనక్కి తిప్పి ఉంటే ఇక్కడ దొరికిపోతుంది. దానితోపాటు ఇన్సూరెన్స్ పాలసీ అడిగి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఎంత శాతమో చూడండి. క్లెయిము లేకుండా గడిచిన ఏడాదిని బట్టి అది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఏడేళ్ల బండిని ఒకే ఓనర్ నడిపి, ఎన్నడూ గీత పడలేదని చెబుతూ, పాలసీలో బోనస్ సున్నా చూపిస్తే, నిరుడు ఏదో రిపేరుకు క్లెయిము చేసి ఉండాలి, లేదా పాలసీ మూడు నెలలకు పైగా ఆగిపోయి ఉండాలి. రెండిట్లో ఏదో ఓనర్‌నే అడగండి.

ఓనర్ల ఫిర్యాదుల విషయంలో మనవాళ్లు ఎక్కువగా యూట్యూబ్ వీడియోలు చూస్తారు. అందులో కొత్త బండి మురిపెం ఎక్కువ, ఆరేడేళ్లు వాడాక ఎదురయ్యే సంగతి తక్కువ. దానికంటే హైదరాబాద్ వెళ్లేటప్పుడు వనస్థలిపురం ఆటోనగర్లో దిగి, స్పేర్‌పార్టుల దుకాణంలో ఆ మోడల్‌కు ఏ పార్టు ఎక్కువగా అమ్ముడవుతోందని అడగండి. ఏ కంపెనీ బండినైనా విప్పే మెకానిక్‌ను కూడా అదే అడగండి. ఒకే మాట ఇద్దరు ముగ్గురి నోట వస్తే అదే ఆ మోడల్ ఫిర్యాదు. సస్పెన్షన్ బుష్‌లు, డీజిల్ బండిలో టర్బో, ఇంజెక్టర్లు, ఊళ్లోనే తక్కువ దూరాలు తిరిగే బీఎస్–6 డీజిల్‌లో పొగ ఫిల్టరు మూసుకుపోవడం, ట్రాఫిక్‌లో డ్యుయల్ క్లచ్ గేరుబాక్సు వేడెక్కడం, ఇలా ప్రతి రకానికీ దాని బలహీనతలు ఉంటాయి. ఆ భాగాన్ని మీరు చూస్తున్న బండిలో ఇప్పటికే మార్చారా అన్నదాన్ని బట్టి బేరం ఆడాలి. ఆ తరం డస్టర్ అమ్మకాలు 2022లో ఆగిపోయాయి కాబట్టి దాని పార్టులు ఎంత త్వరగా దొరుకుతాయో కూడా ఆ దుకాణంలోనే కనుక్కోండి.

ప్రశ్న: మాకు పరిచయమున్న డీలర్ దగ్గర ఒక మూడేళ్ల ఎస్‌యూవీ చాలా తక్కువ ధరకు ఉంది. 2024 సెప్టెంబరు వరదల్లో కొద్దిగా నీళ్లు తాకాయని, అంతా బాగు చేయించామని అంటున్నాడు. కొనవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కొనవద్దు. నీళ్లు కొద్దిగా తాకాయన్న మాటకు కొలత లేదు. బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వంటి ప్రాంతాల్లో బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్న సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. నీళ్లు సీటు దాకా వస్తే ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా ఆపేది) కంట్రోలర్లకు వెళ్లే వైర్ల కీళ్లు లోపల్లోపల తుప్పు పడతాయి, ఆ లోపం ఏడాదికో రెండేళ్లకో బయటపడుతుంది. ఆ డీలర్ కనీసం నిజం చెప్పాడు. చెప్పకుండా వేరే జిల్లాకు, వేరే రాష్ట్రానికి పంపి అమ్మేవాళ్ల విషయంలో ఇతర ఊళ్ల పాఠకులు కూడా జాగ్రత్తపడాలి. డిక్కీలో స్టెప్నీ తీసి కింద గుంతలో ఒండ్రు ఉందేమో, సీటు బెల్టును పూర్తిగా లాగితే చివర నీటి మరక ఉందేమో, సీటు కింది బోల్టులు తుప్పు పట్టాయేమో చూడండి. లోపల అడుగుకు వేసిన కార్పెట్ ఒక్కటే కొత్తగా ఉంటే దాన్ని ఎత్తించి చూడండి. నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ)తో మరో జిల్లానుంచి, మరో రాష్ట్రంనుంచి వచ్చిన బండి అయితే వరద తేదీలకూ అమ్మకం తేదీకీ మధ్య దూరం ఎంతో గమనించండి.

ప్రశ్న: నేను టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాను. 2019 కియా స్పోర్టేజ్, 2018 హోండా సీఆర్–వీ చూశాను. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో రెండింటి మీదా వందల ఫిర్యాదులు కనిపించి భయం వేసింది. బండి పూర్వ చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ నివేదికలో మాత్రం ఏ మచ్చా లేదు. దేన్ని నమ్మాలి?
– ఒక పాఠకుడు, అమెరికా

జవాబు: రెండూ వేర్వేరు విషయాలు చెబుతాయి. మీరు చూసిన ఫిర్యాదులు జాతీయ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకు ఓనర్లు స్వయంగా పంపినవి, వాటిని ఆ సంస్థ ఒక్కొక్కటిగా నిర్ధారించి పెట్టదు. ఎక్కువ అమ్ముడైన మోడల్‌పై ఎక్కువ ఫిర్యాదులు ఉండడం సహజం కాబట్టి మొత్తం సంఖ్యను చూసి భయపడనక్కరలేదు. భాగాలవారీగా విడదీసి, ఎన్ని మైళ్ల దగ్గర, ఏ రాష్ట్రంలో, ఎలాంటి పరిస్థితిలో జరిగిందో చదవండి. సీఆర్–వీ 2017, 2018 మోడళ్లలో 1.5 లీటర్ల టర్బో ఇంజిన్ ఆయిల్‌లో పెట్రోలు కలిసిపోతోందన్న ఫిర్యాదులు ముఖ్యంగా చలి ఎక్కువగా ఉండే ప్రాంతాలనుంచి, తక్కువ దూరాలు నడిపేవారినుంచి వచ్చాయి, హోండా దానికి వారంటీ పొడిగించవలసి వచ్చింది. మీ పక్కనున్న డాలస్ ఎండలో తిరిగిన బండికి ఆ బెడద తక్కువ. చలి ప్రాంతమైన మిషిగన్‌లో నాలుగు శీతాకాలాలు గడిపి టెక్సస్‌కు వచ్చిన బండి అయితే ఆలోచించాలి, ఆ సంగతి చెప్పేది మీ కార్‌ఫ్యాక్స్ నివేదికే.

స్పోర్టేజ్ విషయంలో ఫిర్యాదుల కంటే రీకాల్ ముఖ్యం. ఏబీఎస్ కంట్రోల్ యూనిట్లో షార్ట్ సర్క్యూట్ వల్ల మంటలు రావచ్చంటూ 2021 మార్చిలో కియా 2017 నుంచి 2021 దాకా వచ్చిన స్పోర్టేజ్‌లను, 2017–2019 కెడెంజా కార్లను కలిపి సుమారు 3,80,000 బండ్లకు రీకాల్ ప్రకటించి, బాగు చేయించేదాకా ఇంటికి దూరంగా, ఆరుబయట నిలపమని చెప్పింది. మీరు చూసిన బండి 17 అక్షరాల విన్ (ఛాసిస్) నంబరును ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ రీకాల్ పేజీలో కొట్టండి. అందులో ఇంకా బాగు చేయించని రీకాల్‌లు మాత్రమే కనిపిస్తాయి. ఏమీ కనిపించకపోతే పని జరిగి ఉండవచ్చు, లేదా ఆ బండికి రీకాల్ వర్తించకపోయి ఉండవచ్చు. ఏదో తెలియాలంటే కియా డీలర్ సర్వీస్ విభాగానికి ఫోన్ చేయండి. ఇక్కడ ఒక చట్టపు లొసుగు గుర్తుపెట్టుకోవాలి. పెద్ద రెంటల్ కంపెనీలు రీకాల్ పెండింగ్ ఉన్న కారును అద్దెకివ్వడాన్ని 2016 జూన్ నుంచి అక్కడి ఫెడరల్ చట్టం నిషేధించింది గానీ, పాత కార్ల డీలర్ అలాంటి బండిని అమ్మడాన్ని నిషేధించలేదు. కిటికీకి అంటించే బయ్యర్స్ గైడ్‌లో ‘యాజ్ ఈజ్’ (ఉన్నది ఉన్నట్టుగా, వారంటీ లేకుండా) అని టిక్ పెట్టి ఉంటే ఆ తరువాతి రిపేర్ల ఖర్చు మీదే. రీకాల్ మరమ్మతు మాత్రం, బండి మొదట అమ్ముడై 15 ఏళ్లు దాటనంతవరకు, ఎన్నో ఓనర్ అయినా మీకు ఉచితం.

అదే స్పోర్టేజ్‌కు తాళంచెవి పెట్టి తిప్పే రకం ఇగ్నిషన్ ఉంటే ఇంకొక చిక్కు ఉంది. అక్కడ అమ్మిన అలాంటి కియా, హ్యుందాయ్ బండ్లలో చాలావాటికి ఇమ్మొబిలైజర్ (అసలు తాళంచెవి లేకుండా ఇంజిన్ స్టార్ట్ కానివ్వని పరికరం) లేక దొంగతనాలు విపరీతంగా పెరగడంతో, 2023 ఫిబ్రవరిలో ఆ కంపెనీలు ఉచిత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇవ్వడం మొదలుపెట్టాయి. అంతకు ముందు నెలలోనే స్టేట్ ఫార్మ్, ప్రోగ్రెసివ్ వంటి బీమా సంస్థలు కొన్ని నగరాల్లో అలాంటి కొన్ని మోడళ్లకు కొత్త పాలసీలు ఇవ్వడం ఆపాయి. బయానా ఇచ్చేముందే ఇన్సూరెన్స్ కోట్ తెప్పించుకోండి.

కార్‌ఫ్యాక్స్‌లో మచ్చ లేదంటే ఆ సంస్థకు ఎవరూ చెప్పలేదని అర్థం. బీమాకు వెళ్లకుండా చేతిడబ్బుతో బాగు చేయించిన ప్రమాదం అందులోకి రాకపోవచ్చు. దొంగతనం, టోటల్ లాస్ (బాగు చేయడం దండగని బీమా సంస్థ తేల్చిన బండ్లు) రికార్డులకు బీమా మోసాలపై పనిచేసే ఎన్‌ఐసీబీ సంస్థ విన్‌చెక్‌ను ఉచితంగా వాడుకోవచ్చు. ఇక ఢీకొనే పరీక్షల విషయానికి వస్తే, ప్రభుత్వ స్టార్లతో పాటు బీమా సంస్థలు నడిపే ఐఐహెచ్‌ఎస్ ఫలితాలనూ చూడండి. అక్కడ పక్కనుంచి ఢీకొట్టే పరీక్షను 2021లో బరువైన బండితో, 31 మైళ్లకు బదులు 37 మైళ్ల వేగంతో జరపడం మొదలుపెట్టారు, కాబట్టి పాత ‘గుడ్’ రేటింగును కొత్త ‘గుడ్’తో సమానంగా చూడకూడదు. అమ్మానాన్నలు వచ్చి వెనక సీట్లో కూర్చుంటారనుకుంటే, వెనక సీట్లో మనిషి బొమ్మను కూర్చోబెట్టి చేసే, 2022లో మొదలైన పరీక్షలో ఆ మోడల్‌కు ఏ రేటింగు వచ్చిందో, ఆ ఫలితం మీ సంవత్సరపు బండికి వర్తిస్తుందో కూడా వెతకండి.

ప్రశ్న: ఎస్‌యూవీలు ఎత్తుగా ఉండడం వల్ల త్వరగా బోల్తా పడతాయంటారు. పాత బండి కొనేటప్పుడు ఈ భయం ఎంతవరకు పెట్టుకోవాలి?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: ఎత్తు ఒక్కటే లెక్క కాదు. రెండు చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని బండి గరిమనాభి (బరువు కేంద్రం) ఎత్తుతో భాగిస్తే వచ్చే సంఖ్య ఎంత తక్కువైతే బోల్తా ప్రమాదం అంత ఎక్కువ. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఉంటే ఆ ముప్పు బాగా తగ్గుతుంది. అమెరికాలో 2012 మోడల్‌నుంచి అది తప్పనిసరి. మన పాత ఎస్‌యూవీల్లో చాలావాటికి పై వేరియంట్లలోనే ఇచ్చారు, అందువల్ల దాని బటన్ గానీ లైటు గానీ ఉందో లేదో చూడండి.

ఈ భయానికి మూలం చాలావరకు అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అనే ఎస్‌యూవీ ఉదంతం. హైవే మీద ఫైర్‌స్టోన్ టైర్ల పై పొర ఊడిపోయి ఆ బండ్లు బోల్తా పడేవి. 1998లోనే స్టేట్ ఫార్మ్ బీమా సంస్థ విశ్లేషకుడొకరు అలాంటి 21 టైర్ల కేసులను ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ దృష్టికి తెచ్చినా ఎవరూ కదలలేదు. 2000 ఫిబ్రవరిలో హ్యూస్టన్ టీవీ ఛానల్ ఒకటి కథనం ప్రసారం చేశాక ఫిర్యాదులు వెల్లువెత్తి, మే నెలలో విచారణ మొదలై, ఆగస్టులో 65 లక్షల టైర్లకు రీకాల్ వచ్చింది. ఆ టైర్ల లోపంతో ముడిపడిన మరణాలు 271. ఫిర్యాదుల సంఖ్య చిన్నదైనా, ఒకే భాగం ఒకే తీరున చెడిపోతోందంటే పట్టించుకోవాలని నేను చెప్పడానికి ఇదే కారణం. టైర్లలో గాలి తక్కువగా ఉంచడం ఆ ప్రమాదాన్ని పెంచింది కాబట్టి, మీరు చూసే బండిలో తలుపు పక్క చీటీ మీద రాసిన ఒత్తిడి ఎంతో, ఇప్పుడున్నది ఎంతో పెట్రోలు బంకులో కొలిపించండి. టైరు పక్కన చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, తరువాతి రెండూ సంవత్సరం. 2318 అని ఉంటే 2018లో 23వ వారం అన్నమాట. గాట్లు ఎంత లోతుగా ఉన్నా, అంత పాత టైర్లతో కడప నుంచి హైదరాబాద్ హైవే ఎక్కవద్దు. నాలుగు టైర్లకు, స్టెప్నీకి అయ్యే ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి.